కోర్టు బయటి కుర్చీ

మేనల్లుడా,

నీ ఉత్తరం అందింది. టెన్నిస్ అకాడమీలో కోచ్‌గా చేరి ఏడాదైనా తిరగలేదు, అప్పుడే పిల్లల మీద విసుగు. ‘నేను పన్నెండేళ్లకే కొట్టిన షాట్ వీళ్లకి పదిహేనేళ్లొచ్చినా రావట్లేదు’ అన్నావు. ఆ మాటలో పిల్లలు లేరురా, నువ్వే ఉన్నావు. అందుకే ఇవాన్ లెండిల్ సంగతి రాస్తున్నాను. మీ తరానికి టెన్నిస్ ఫెడరర్‌తోనే మొదలు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను.

చెకొస్లొవేకియాలోని ఓస్ట్రావాలో పుట్టినవాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ టెన్నిస్ ఆడినవాళ్లే. 1981 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో బోర్గ్ చేతిలో ఓడాడు. 82, 83 యూఎస్ ఓపెన్ ఫైనల్స్‌లో కానర్స్ చేతిలో, ఆ ఏడాది చివర ఆస్ట్రేలియాలో విలాండర్ చేతిలో. పెద్ద మ్యాచ్ అంటే చేతులెత్తేస్తాడని ముద్ర వేసేశారు. 1984లో పారిస్‌లో మెకన్రోకి మొదటి రెండు సెట్లూ ఇచ్చేసి, తర్వాతి మూడూ లాక్కున్నాక గానీ ఆ ముద్ర చెరగలేదు. అక్కణ్ణుంచి మొత్తం ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు, 270 వారాలు నంబర్ వన్ పీఠం. వింబుల్డన్ మాత్రం దక్కలేదు. దానికోసం 1990లో, అప్పటికే మూడుసార్లు గెలిచిన ఫ్రెంచ్ ఓపెన్‌ని వదులుకుని గడ్డి మీద సాధన చేశాడు. సెమీస్‌లో ఎడ్‌బర్గ్ ఇంటికి పంపాడు.

అలాంటివాడు 2011 చివర్లో ఆండీ ముర్రేకి కోచ్‌గా వచ్చాడు. ముర్రే అప్పటికి మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఓడి ఉన్నాడు. 2012 వింబుల్డన్‌లో ఫెడరర్ చేతిలో నాలుగోదీ పోయింది. మైకు ముందు ఏడ్చేశాడు. గురువుదీ శిష్యుడిదీ ఒకే లెక్క! నాలుగు వారాలకే అదే సెంటర్ కోర్టులో అదే ఫెడరర్‌ని ఓడించి ఒలింపిక్ స్వర్ణం, సెప్టెంబరులో యూఎస్ ఓపెన్.

2013 జులై 7న జరిగిన వింబుల్డన్ ఫైనల్ చివరి గేమ్ వీలైతే చూడు. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత బ్రిటన్ మగవాళ్లెవరికీ దక్కని కప్పు. ముర్రే 40-0. జకోవిచ్ మూడు మ్యాచ్ పాయింట్లూ కాపాడుకున్నాడు, పైగా బ్రేక్ పాయింట్ల దాకా లాగాడు. స్టేడియమంతా ఊగిపోతోంది. ఇంతలో కెమెరా లెండిల్ మీదికి వెళ్తే మొహంలో చలనం లేదు. తను ఎన్నేళ్లు ప్రయత్నించినా చేజిక్కని కప్పు అది, గుర్తుపెట్టుకో. నాలుగో మ్యాచ్ పాయింట్‌కి జకోవిచ్ బంతి నెట్‌కి తగిలింది.

లెండిల్ చలనం లేని మొహం చూసి రాతిగుండె అన్నారు చాలామంది. నాకలా అనిపించదు. ముర్రేకి పాయింటు పోయినప్పుడల్లా తనవాళ్ల వైపు తిరిగి అరిచే అలవాటు ఉండేది. పైన కూర్చున్నవాడి మొహం కూడా స్కోరుతో పాటు మారుతుంటే, ఆడేవాడు తన భయంతో పాటు ఆయన భయాన్నీ మోయాలి. లెండిల్ ఆ రెండో బరువు వేయలేదు. అలాగని ఊరికే కూర్చోలేదు. ఫోర్‌హ్యాండ్ కాచుకుని ఆడడం మాని, ముందుకొచ్చి కొట్టమన్నాడు. ముర్రే మూడు గ్రాండ్‌స్లామ్‌లూ లెండిల్ పక్కనున్నప్పుడే వచ్చాయి. ఘనతంతా లెండిల్‌దేనంటే మాత్రం ఒప్పుకోను, పరిగెత్తింది ముర్రే. తర్వాత జ్వెరెవ్‌తో కుదిరిన జోడీ ఏడాది కూడా నిలవలేదు. ఎంత గొప్ప గురువైనా ప్రతివాడికీ పనికిరాడు. నీకూ అలాంటి శిష్యులు తగులుతారు, వాళ్లని ఇంకో కోచ్ దగ్గరికి పంపడానికి సిగ్గుపడకు.

ఇక నీ అకాడమీ సంగతి. ‘ఇలా కొట్టరా’ అంటూ రాకెట్ లాక్కుని నువ్వు కొట్టి చూపించడం ఓ వారం మానెయ్. ఆ పిల్లాడు బంతి దగ్గరికి ఎందుకు ఆలస్యంగా చేరుతున్నాడో చూడు. లోపం కాళ్లలో ఉందో, గ్రిప్‌లో ఉందో, లేక నిన్ను చూసి బిగుసుకుపోతున్నాడో. టోర్నమెంట్లకి వెళ్లినప్పుడు ఫెన్సింగ్ పట్టుకుని కేకలేయకు, వెనక వరుసలో కూర్చో. ఓడి వచ్చినవాడికి ముందు నీళ్లివ్వు. తప్పులు మర్నాడు చెప్పొచ్చు. నీ స్టేట్ మెడల్ కథ వాడు అడిగితేనే చెప్పు.

మీ అమ్మకి ఫోన్ చెయ్యి. నీ మోకాలు ఎలా ఉందని నన్నడుగుతోంది, నాకేం తెలుసు?

మీ మామయ్య