స్క్రూడ్రైవర్ కాసేపు పక్కన పెట్టరా

ఒరే నాన్నా,

నువ్వు పంపిన వీడియో చూశాను. కారు ముద్దొస్తోంది. ఎంతకి కొన్నావో మీ అమ్మకి నేను చెప్పనులే. ఇక్కడ మా ఊళ్లో, భాలుబాసా పేటలో ఉన్న మా తరానికి మాజ్దా అంటే స్వరాజ్ మాజ్దా మినీ ట్రక్కే. 1986లో నేను పనిచేసిన టెల్కో వాళ్లు 407 ట్రక్కుని దించితే దాని పోటీ అలాంటి బళ్లతోనే. ఆ మాజ్దా పేరుతోనే 1989లో షికాగో ఆటో షోలో ఈ రెండు సీట్ల మియాటా వచ్చిందంటే, రిటైరయ్యాక కూడా నాకు నవ్వొస్తుంది. సరే, అసలు సంగతికి వస్తా.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నీ కారు ఆర్‌పీఎం ముల్లు 1,800 దగ్గరే ఉండిపోతోంది. నీది 1990 మోడలు, 1.6 లీటర్ల ఇంజను. బాగా వేడెక్కాక అది 850కి అటూ ఇటూగా ఉండాలి. ఐడిల్ వాల్వు మార్చమని ఎవరో అన్నారన్నావు. ఇప్పుడే కొనకు. స్క్రూ తిప్పి తగ్గించేస్తానన్నావు చూడు, అది మాత్రం ఇప్పుడు అసలు వద్దు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ డీజిల్ ఇంజన్లతోనే గడిపాను. వాటిలో ఎంత డీజిల్ కొట్టాలో పంపులోని గవర్నర్ చూసుకుంటుంది. పెట్రోలు బండిలో పెత్తనం గాలిది. నువ్వు కాలు తీసేశాక కూడా ఇంజను పరిగెడుతోందంటే ఎక్కడినుంచో దానికి గాలి అందుతోంది. ఆ దారి కనిపెట్టకుండా స్క్రూ బిగిస్తే ముల్లు దిగొచ్చు, దారి మాత్రం మూసుకోదు. రేపు చలికి ఒకలాగా, ఏసీ వేస్తే ఇంకోలాగా ఆడుతుంది. అంబాసిడర్లు తిరిగిన రోజుల్లో మా ఊరి సాక్చి మిస్త్రీలు చెవిపెట్టి విని కార్బురేటర్ స్లో స్క్రూ ఇట్టే సర్దేసేవారు. ఎంత ముచ్చటైన పనో! కానీ నీ కారులో కంప్యూటరుంది, దానికి ఆ వైద్యం పట్టదు.

ముందు అది ఎప్పుడు ఎక్కువుంటోందో చూడు. పొద్దున్న చల్లగా స్టార్ట్ చేస్తే కాసేపు ఎక్కువుండడం మామూలే. వేడెక్కాక కూడా దిగకపోతే ఒక జబ్బు, గేరు మార్చేటప్పుడు మాత్రం పైనే వేలాడితే ఇంకోటి. ముల్లు వెయ్యికీ రెండు వేలకీ మధ్య ఊగుతుంటే కంప్యూటర్ పెట్రోలు ఆపుతూ, మళ్లీ ఇస్తూ ఉందన్నమాట. అప్పుడు కూడా గాలినే అనుమానించు.

ఇక మొదటి పని. నువ్వు నవ్వుతావు గానీ, ఫ్లోర్ మ్యాట్ పెడల్ కింద ఇరుక్కుందేమో చూడు. యాక్సిలరేటర్ కేబుల్‌కి కాస్త వదులుండాలి, చేత్తో కదిపితే తెలిసిపోతుంది. థ్రాటిల్ పలక చుట్టూ మసి పట్టినా అది పూర్తిగా మూసుకోదు.

తర్వాత రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూడు, ఇంజను పూర్తిగా చల్లబడ్డాకే సుమా. వేడి మీద తీస్తే ముఖం కాలిపోతుంది. ఐడ్లింగ్‌కీ కూలెంట్‌కీ ఏమిటి సంబంధం అంటావా? నీ కారు థ్రాటిల్ బాడీలో చలి వేళ అదనపు గాలి ఇచ్చే వాల్వు ఉంది. వేడి కూలెంట్ తగిలితే లోపలి మైనం ఉబ్బి ఆ దారి మూస్తుంది. కూలెంట్ తగ్గినా, పైపులో గాలి బుడగ చిక్కుకున్నా, ఇంజను ఎంత కాగినా ఆ వాల్వు ఇంకా చలిగానే ఉందనుకుంటుంది. ఒక సీసా కూలెంట్‌తో తీరే దానికి జనం వందల డాలర్ల సామాను మార్చేస్తారు.

అదీ సరిగ్గా ఉంటే రబ్బరు పైపులు చూడాలి. ముప్పయ్యేళ్లు దాటిన రబ్బరు ఎక్కడైనా పగులుతుంది. గాలి కొలిచే మీటరుకీ థ్రాటిల్‌కీ మధ్యనున్న పెద్ద గొట్టాన్ని వంచి మడతల్లో చూడు. బ్రేక్ బూస్టర్ పైపునీ, పీసీవీ పైపునీ గుడ్డ చుట్టిన పట్టకారుతో ఒక్కోటీ కాసేపు నొక్కు. ఏది నొక్కితే శబ్దం మారిందో అదే దొంగ. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, కారు ఆగి ఉండగానే ఇది చెయ్యాలి. మండే స్ప్రేలు వేడి ఇంజను మీద కొట్టకు, సబ్బు నీళ్లు చాలు. సైకిల్ ట్యూబు పంక్చరులా బుడగలు రావు, ఇక్కడ గాలి లోపలికి పోతుంది కనక. నీళ్లు పడ్డచోట చిల్లుంటే ఇంజను గొంతు ఒక్క క్షణం మారుతుంది. మీటరు లెక్కలో లేని ఆ గాలికి సరిపడా పెట్రోలు ఆక్సిజన్ సెన్సర్ అడిగి పోయిస్తుంటుంది, అందుకే ముల్లు అంత పైన ఉంటుంది.

ఇవన్నీ అయ్యాకే థ్రాటిల్ స్విచ్. నీ కాలు పెడల్ మీద లేదని అది చెప్పకపోతే కంప్యూటర్ ఐడ్లింగ్ జోలికే రాదు. ఐడిల్ వాల్వు ఆ తర్వాత, కొనే ముందు శుభ్రం చేసి చూడు.

స్క్రూ పని చివర్లో. థ్రాటిల్ బాడీ పైన నల్ల రబ్బరు మూత కింద ఉండేది గాలి స్క్రూ, అది నువ్వు తిప్పచ్చు. ప్రక్కన థ్రాటిల్ పలకని ఆపే ఇంకో చిన్న స్క్రూ ఉంటుంది. అది కంపెనీ పెట్టినది, ముట్టుకోకు. నీకంటే ముందు వాడెవడో ముట్టుకునే ఉంటాడని నా అనుమానం. ఇంజను వేడి మీద ఉండగా, లైట్లు, ఫ్యాను ఆపి, డయాగ్నసిస్ డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసిన రెండింటినీ చిన్న తీగతో కలిపి 850 పెట్టు. డాష్ ముల్లుని నమ్మకు, ఐజీ మైనస్ పిన్నుకి టాకోమీటరు తగిలించు. అదే తీగ ఉండగానే టైమింగ్ లైటు కొట్టి చూడు. పది డిగ్రీలు ముందుండాలి. పికప్ కోసమని కొందరు పధ్నాలుగుకి జరుపుతారు, దానివల్ల కూడా ఐడ్లింగ్ పెరుగుతుంది.

న్యూజెర్సీలో చలి అని గ్యారేజి తలుపు మూసుకుని మాత్రం ఇంజను ఆడించకు. పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. నీ మాట మీద నాకు నమ్మకం లేదు, తలుపు తెరిచి ఉన్న ఫోటో పంపు. ఇంజను ఆపేశాక కూడా రేడియేటర్ ఫ్యాను తిరగొచ్చు, వేళ్లు దూరంగా పెట్టు.

కూలెంట్ పోశాక ముల్లు ఎంత, ఏ పైపు నొక్కితే ఎంత, రాసి ఉంచుకో. నీకు ఆదివారం పొద్దున్న పదంటే మాకు రాత్రి ఏడున్నరో, ఎనిమిదిన్నరో. అన్నం తినేలోగా ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం.

మీ మావయ్య