కాయకమున భయమునకు తావు కలదా?

2021 చివర మరిపెడ పరిసరముల మిరపతోటలలో నల్ల తామరపురుగు పూతలో చేరి కాయను నిలువనీయలేదు. అట్టివేళ మందుల దుకాణములో "ఈ పూటే కొట్టకుంటే చేను దక్కదు" అన్న ఒక్కమాట చాలును. రైతు ఉద్దెరకు నాలుగు సీసాలు కొనును.

ఆపద నిజమే. దానిని తెలుపుట తప్పు కాదు, తెలుపకుండుటయే ద్రోహము. కాని పూవులో దాగిన పురుగునకు మందు అంతంతమాత్రముగనే తగులునని, అతిగా కొట్టినచో మిత్రపురుగులు నశించి అది మరింత హెచ్చునని, నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె కొంత మేలని చెప్పక, భయమును మాత్రము చెప్పి ఊరకొనుట సగము సత్యము. రైతు అప్పుపడునది ఆ దాచిన సగమునకే.

నులియ చందయ్య గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మి, జంగమార్చన చేసిన శరణుడు. ఆయన త్రాటిని సాక్షాత్తు లింగదేవుడే కొనిపోయి అమ్మగా, బసవేశ్వరుడు వెలకు మించిన ధనమిచ్చెననియు, చందయ్య దానిని అంగీకరింపలేదనియు కథ. ఇచ్చినవాడు ఇష్టముతో ఇచ్చినాడు, భయపెట్టినవారెవరును లేరు. ఐనను అది కాయకఫలము కాలేదు. ఇక భయపడి ఇచ్చిన సొమ్ము దాసోహమునకు ఎట్లు తగును?

"నేను అమ్మకున్న ప్రక్కవాడు అమ్మును" అను వర్తకుని బాధ త్రోసివేయదగినది కాదు. అతనికిని సంసారమున్నది, కంపెనీవారి ఒత్తిడియున్నది. ఐనను "అన్నా, ఇప్పుడు మందు అక్కరలేదు, రెండు దినములు చూడు" అని ఒకమారైనను అన్నవాని హెచ్చరికనే రైతు నమ్మగలడు. మరుసటి ఏడు విత్తనములకు అతడు రావలసినది ఆ దుకాణమునకే.