దాచినవాడి వాటా

పాత బంగారు నాణేలు దొరికితే 'నిధి' అంటాం. ఆ మాటలో దొరికినవాడి అదృష్టమే వినిపిస్తుంది. దాచినవాడికి ఏమైందో ఎవరూ అడగరు.

రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో దొరికిన తూర్పు చాళుక్య, చోళ బంగారు నాణేల మీద మద్రాసు మ్యూజియం 1966లో ఒక బులెటిన్ వేసింది. తూర్పు చాళుక్యుల నాణెం పల్చటి బంగారు రేకు. మధ్యలో వరాహం, చుట్టూ ఒక్కో అక్షరమే విడిగా కొట్టిన రాజు పేరు. 11వ శతాబ్దపు వేంగిలో ఆ పేరు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేని పరిస్థితి. నన్నయని ఆదరించిన రాజరాజనరేంద్రుడికీ, సవతి సోదరుడు విజయాదిత్యుడికీ గద్దె కోసం పోరు. ఒకరి వెనక చోళులు, ఇంకొకరి వెనక కళ్యాణి చాళుక్యులు. అలాంటి రోజుల్లో మామూలు మనిషికి లాకర్ అంటే భూమే.

తిరిగొచ్చి తవ్వుకున్నవాళ్ల కుండలు మనదాకా రావు. మనకి దొరికేవి చాలావరకు తిరిగి రాలేనివాళ్లవే. డేటాతో పనిచేసేవాళ్లకి సర్వైవర్‌షిప్ బయాస్ తెలుసు. ఇక్కడ అది తలకిందులైంది: మిగిలింది ఓడినవాళ్ల లెక్క.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. ఆయన ప్రకటన వేస్తాడు, నాలుగు నుంచి ఆరు నెలల గడువిస్తాడు. హక్కుదారు రాకపోతే అది 'యజమాని లేనిది'. వేరే ఒప్పందం లేకపోతే దొరికినవాడికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు అదనంగా ఇస్తుంది.

ఇందులో అన్యాయం లేదు. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత వారసుణ్ణి ఎక్కడ వెతుకుతాం? ఏ సెషన్‌కైనా టైమవుట్ ఉండాలి కదా. కానీ 'ఎవరూ రాలేదు' వేరు, 'ఎవరూ లేరు' వేరు. మొదటిది జరిగిన సంగతి. రెండోది పని ముగించడానికి మనం రాసుకున్న మాట.

హైటెక్ సిటీ చుట్టుపక్కల రోజూ పునాదులు తవ్వుతున్నారు. రేపు ఏ జేసీబీ పంటికో ఒక కుండ తగిలితే, ఆ గోతిలో దిగిన కూలీకి అది కూతురి పెళ్లి, తీరిన అప్పు. చచ్చినవాడి కోసం అది వదులుకోమని అతనికి నీతులు చెప్పే హక్కు నాకు లేదు. డబ్బు బతికున్నవాళ్లకే చెందాలి. దాచినవాడికి మనం బాకీ పడింది వేరే: కరిగించకుండా ఉండటం, నాణేల్ని విడదీయకుండా ఉంచడం, ఏ కుండలో ఎంత లోతున ఎన్ని దొరికాయో రాసిపెట్టడం. నాణెం మీద రాజు పేరుంది, దాచినవాడి పేరు లేదు. అతనొకడు ఉన్నాడని చెప్పేది ఆ లెక్కొక్కటే.