శిలగా మారు కాలము

ధ్యానభాగము: కీర్తన 40:1–3

రాయపూరు పట్టణమందలి టాటీబంధ్ నేల క్రింద సున్నపురాయి యున్నది. పురాతన సముద్రగర్భమున పొరలు పొరలుగా పేరుకొనిన రాయి అది. అగ్నిలో పుట్టిన శిలను చూడగోరినయెడల గోదావరి తీరమునకు రావలెను.

రాజమహేంద్రవరము చెంత కాతేరు, పంగిడి ప్రాంతములలో నల్లని బసాల్టు శిల కలదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై లావా ప్రవహించిన కాలమునకే అదియు చెందినది. పైకి పొంగునప్పుడు అట్టి లావా వేడిమి దాదాపు 1100 నుండి 1200 డిగ్రీల సెంటిగ్రేడు. గాలి తగిలి అది త్వరగా చల్లారును. స్ఫటికములు పెరుగుటకు వ్యవధి చాలదు. కావున దాని రేణువులు కంటికి ఆనవు.

హైదరాబాదు గుట్టలలోని గ్రానైటు సంగతి వేరు. సుమారు 250 కోట్ల ఏండ్ల నాడు భూగర్భపు చీకటిలో శిలాద్రవము బహు నెమ్మదిగా చల్లారెను. అందుచేతనే దాని స్ఫటికములు స్పష్టముగా కనబడుచున్నవి. పైనున్న నేల యుగయుగములుగా కొట్టుకొనిపోయిన పిమ్మటనే అది వెలుగు చూచెను.

నెమ్మదిగా చల్లారినదే శ్రేష్ఠమని నా తాత్పర్యము కాదు. బసాల్టును గట్టి రాయియే. అయితే ఒకటి గమనింపుము: లావాపై పెంకు కట్టినంత మాత్రమున అది శిల కాలేదు. మందమైన ప్రవాహము లోపల ఏండ్ల తరబడి ద్రవముగానే యుండవచ్చును.

టాటీబంధ్‌లో 2012లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కలదు. ఏ పెద్ద ఆసుపత్రి వసారాలోనైనను రోగి కొరకు కాచుకొనియుండు బంధువులుందురు గదా! వారితో "విశ్వాసమున్నచో ఈపాటికి ధైర్యము తెచ్చుకొనవలసినది" అని మనము త్వరపడి పలుకుదుము. వారును మన కొరకు కన్నీరు తుడుచుకొందురు. మనము చూచి సంతోషించునది పైపెంకు మాత్రమే.

ఈ కీర్తన హెబ్రీ మూలములో కనిపెట్టుట అను ధాతువు మొదటనే రెండు మారులు వచ్చుచున్నది. దానిని సహనమని అనువదించుట న్యాయమే గాని, అందు వినబడునది ప్రశాంతత మాత్రమే కాదు. కనిపెట్టి, కనిపెట్టి యున్న దీర్ఘకాలము. పాదములు బండమీద నిలుచుట ఆ తరువాతి మాట.

కావున దుఃఖించువాని చెంత కూర్చుండుము. వాని కాలమును కుదింపకుము.

ప్రార్థన: ప్రభువా, మా పొరుగువాని హృదయము చల్లారువరకు వానితో కనిపెట్టు కృపను మాకు దయచేయుము. ఆమేన్.