ఆత్మీయ గానం - శ్రోత ధర్మం: మరియాన్ ఫెయిత్‌ఫుల్ 'నెగెటివ్ కేపబిలిటీ' ఆల్బమ్ ఆధారంగా ఒక పరిశీలన

ప్రవేశిక

ఒక మనిషి సొంత దుఃఖం పాటగా మారి అంగడికి వచ్చినప్పుడు, దానిని కొని విని ఆనందించడం ధర్మమేనా? కరుణం ఆనందాన్ని ఎలా ఇస్తుందన్న ప్రశ్న భారతీయ అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. అయితే ఆ చర్చ ప్రధానంగా నాటకాన్నీ కావ్యాన్నీ ఆధారం చేసుకొని సాగింది. అక్కడ దుఃఖించేది పాత్ర, దుఃఖాన్ని ప్రదర్శించేది నటుడు, ఆ దుఃఖాన్ని మాటల్లో నిర్మించేది కవి. ఈ ముగ్గురూ వేరువేరుగా ఉండటం వల్ల ప్రేక్షకుని ఆనందానికి నైతికమైన అభ్యంతరం అంతగా ఎదురుకాదు. సీతాదేవి కష్టాన్ని అభినయించిన నటి తెర వెనుకకు వెళ్ళి సేదతీరుతుందని ప్రేక్షకునికి తెలుసు.

ఆధునిక పాప్ సంగీతంలో ఒక గాయని తన పేరుతో, తన గొంతుతో, తన జీవితంలోని నష్టాలను పాడినప్పుడు పాత్ర, నటి, కవయిత్రి అనే మూడు స్థానాలూ ఒకే వ్యక్తిలో కలిసిపోతాయి. పాట ముగిసినా ఆమె దుఃఖం ముగియదు. అప్పుడు శ్రోత పొందే రసానుభూతికీ, పరుల బాధను తొంగిచూసే కుతూహలానికీ మధ్య గీత ఎక్కడ ఉంటుంది? బ్రిటిష్ గాయని మరియాన్ ఫెయిత్‌ఫుల్ తన 71వ ఏట, 2018 నవంబరులో వెలువరించిన 'నెగెటివ్ కేపబిలిటీ' ఆల్బమ్ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఆల్బమ్ స్వరూపం

ఫెయిత్‌ఫుల్ 1946లో లండన్‌లో జన్మించారు. 1964లో పదిహేడేళ్ళ వయసులో గాయనిగా ప్రసిద్ధికి వచ్చారు. 1970లలో మాదకద్రవ్యాల వ్యసనం, అనారోగ్యం, నిలువ నీడలేని స్థితి ఆమె జీవితాన్ని కుదిపివేశాయి. తొలినాటి పలుచని, స్వచ్ఛమైన కంఠం పోయి, 1979 నాటి 'బ్రోకెన్ ఇంగ్లిష్' ఆల్బమ్‌లో మందమైన, బొంగురుపోయిన కంఠం వినిపించింది. ఆ తరువాతి నాలుగు దశాబ్దాలు ఆమె కళకు ఆ కంఠమే ఆధారం.

'నెగెటివ్ కేపబిలిటీ'లో పది పాటలున్నాయి. సంగీత సహకారం అందించినవారిలో వారెన్ ఎల్లిస్, రాబ్ ఎల్లిస్, ఎడ్ హార్‌కోర్ట్, నిక్ కేవ్ ముఖ్యులు. వాద్యాల సందడి తక్కువ. పియానో, వయొలిన్ గొంతుకు వెనుకగా నిలుస్తాయి. ఆ గొంతులోని ఊపిరి, తడబాటు, అలసట దాచకుండా వినిపిస్తాయి. 'బార్న్ టు లివ్' 2017లో మరణించిన చిరకాల మిత్రురాలు అనితా పాలెన్‌బర్గ్ స్మృతిలో పుట్టింది. 'డోంట్ గో' వెనుక గిటారిస్టు మార్టిన్ స్టోన్ మరణం ఉంది. 'ఇన్ మై ఓన్ పర్టిక్యులర్ వే' ముదిమిలోనూ ప్రేమను కోరుకొనే స్త్రీ పాట. 'నో మూన్ ఇన్ పారిస్' ఆమె నివసించిన నగరంలోని ఒంటరితనాన్ని పలుకుతుంది. 2015 నవంబరు 13న ఆ నగరంలో 130 మందిని బలిగొన్న దాడులకు స్పందనగా వచ్చినది 'దే కమ్ ఎట్ నైట్'.

ఈ వివరాలను బట్టి ఆల్బమ్‌ను ఆత్మకథగా తీసుకోవడం సులభం. కానీ పది పాటల్లో మూడు పాతవి. వాటిలో ఒకటి బాబ్ డిలన్ 1965 నాటి పాట, మరొకటి 'బ్రోకెన్ ఇంగ్లిష్'లో ఆమే పాడినది. మూడవది 'యాజ్ టియర్స్ గో బై'. ఆత్మీయమని పేరుపొందిన ఆల్బమ్‌లో పరుల మాటలకు ఇంత చోటు ఎందుకు దక్కింది? ఈ మూడవ పాట చరిత్రలోనే దీనికి సమాధానం ఉంది.

ఒకే పాట - మూడు వయసులు

'యాజ్ టియర్స్ గో బై' రచయితలుగా మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, ఆండ్రూ లూగ్ ఓల్డమ్ పేర్లున్నాయి. అప్పటికి ముగ్గురూ ఇరవై ఏళ్ళ ప్రాయంవారు. సాయంవేళ ఆడుకొంటున్న పిల్లలను దూరంగా కూర్చొని చూస్తూ, తనకు ఇక తిరిగిరాని దానిని తలచుకొనే మనిషి మనఃస్థితి ఆ పాట వస్తువు. దానిని 1964లో మొదట రికార్డు చేసింది ఫెయిత్‌ఫుల్. జీవితపు సాయంకాలాన్ని పదిహేడేళ్ళ బాలిక పాడింది. అది బ్రిటన్ పాటల పట్టికలో తొమ్మిదవ స్థానానికి చేరింది. నలభై ఏళ్ళ వయసులో 'స్ట్రేంజ్ వెదర్' (1987) ఆల్బమ్ కోసం ఆమె దానిని మళ్ళీ పాడారు. 71వ ఏట మూడవసారి పాడారు.

అనుభవ ప్రామాణ్యమే పాటకు విలువ అన్న వాదాన్ని ఈ మూడు రికార్డులు పరీక్షకు పెడతాయి. ఆ వాదం ప్రకారం 1964 నాటి గానం అబద్ధం, 2018 నాటి గానం నిజం. కానీ మొదటి గానం కూడా వేలాది శ్రోతలను కదిలించింది. వృద్ధాప్యం తెలియని గొంతు వృద్ధాప్యాన్ని పలికినప్పుడు శ్రోతలు మోసపోలేదు. ఆ భావాన్ని భావంగానే గ్రహించారు. కాబట్టి పాట సత్యానికి గాయని జీవితం హామీ కానక్కరలేదు.

అలాగని మూడింటికీ భేదం లేదనడం కూడా సరికాదు. మాటలు అవే, బాణీ అదే. మారినది గొంతు. 1964లో దుఃఖం పాటలో ఉంది, గొంతులో లేదు. 1987లో గొంతు పాటను సమీపించింది. 2018లో పాట చెప్పిన వయసును గాయని దాటిపోయింది. రచయితలు కల్పనగా రాసినదానిని కాలం ఆమెకు అనుభవంగా ఇచ్చింది. పరుల మాటలే అత్యంత ఆత్మీయంగా వినిపించడానికి కారణం ఇదే. ఆ ఆత్మీయత రహస్యాన్ని వెల్లడించడం వల్ల కలగలేదు. ఒక మాటతో యాభైనాలుగేళ్ళు కలిసి జీవించడం వల్ల కలిగింది.

రసవిఘ్నమా, రసమా?

క్రౌంచవధ ఘట్టాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు, శ్లోకంగా మారిన శోకాన్ని వాల్మీకి వ్యక్తిగత దుఃఖంగా భావించరాదని స్పష్టం చేశాడు. నిజంగా దుఃఖంలో మునిగిన వానికి కావ్యరచన సాధ్యం కాదన్నది ఆయన తర్కం. భావం 'నాది', 'వానిది' అనే పట్టు విడిచి సాధారణీకరణం పొందినప్పుడే రసమవుతుంది. ఆయన చెప్పిన ఏడు రసవిఘ్నాలలో ఒకటి, భావాన్ని తనదనో పరునిదనో నిర్దిష్ట దేశకాలాలకు కట్టివేయడం.

ఈ ప్రమాణంతో చూస్తే 'నెగెటివ్ కేపబిలిటీ' నిండా విఘ్నాలే. పారిస్ నగరం ఉంది, ఒక తేదీ ఉంది, మరణించిన మిత్రులున్నారు, వాతపు నొప్పులతో బాధపడే ఒక శరీరం ఉంది. ఇవన్నీ ఆల్బమ్ వెలువడినప్పుడే ప్రచారంలోకి వచ్చిన వివరాలు. వీటిని మనసులో ఉంచుకొని వినే శ్రోతకు పాట కన్నా వార్త ముందు వినిపిస్తుంది.

అయినా ఆల్బమ్ విఫలం కాలేదు. కారణం పాటల కట్టుబడిలో ఉంది. మిత్రుల మరణం పాటలో పల్లవిగా తిరిగి తిరిగి వస్తుంది. దుఃఖం మొదటిసారి పలికినప్పుడు సమాచారం. నాలుగవసారి అదే స్వరంలో తిరిగి వచ్చినప్పుడు రూపం. ఆ ఆవృత్తిలో చనిపోయినవారు ఎవరన్న ప్రశ్న వెనుకబడి, పోవద్దని వేడుకోవడం అనే క్రియ మాత్రమే మిగులుతుంది. ఆ వేడుకోలు ప్రతి శ్రోతకూ తెలిసినదే. పాలెన్‌బర్గ్ ఎవరో తెలియని శ్రోతకు కూడా పాట అందుతుంది. ఈ అర్థంలో ఆల్బమ్ అభినవగుప్తుని సిద్ధాంతాన్ని ఖండించదు. దానికొక కఠినమైన సందర్భాన్ని చూపుతుంది. విశేషం పూర్తిగా కరిగిపోకుండానే సాధారణమయ్యే అవకాశం ఉందని ఈ పాటలు సూచిస్తాయి. విశేషాన్ని కరగనివ్వనిది ఆ గొంతు. కల్పించిన పాత్ర వయసును నటించవచ్చు. ఈ గొంతు మాత్రం తన వయసును తప్పించుకోలేదు.

స్త్రీ గానం, సాక్ష్యంగా వినడం

ఇక్కడ మరొక చిక్కు ఉంది. గాయని పాటను ఆమె జీవితానికి సాక్ష్యంగా వినే అలవాటు తటస్థమైనది కాదు. 1967 ఫిబ్రవరిలో కీత్ రిచర్డ్స్ ఇంటిపై పోలీసులు దాడి చేసినప్పుడు ఫెయిత్‌ఫుల్ అక్కడ ఉన్నారు. ఆమెపై అభియోగం లేదు. న్యాయస్థానంలో ఆమె ప్రస్తావన 'మిస్ ఎక్స్' అనే మాటతోనే వచ్చింది. అయినా ఆమె ఏ స్థితిలో ఉన్నదీ పత్రికలు పతాకశీర్షికలకెక్కించాయి. విచారణకు గురైన పురుషులకు ఆ ఘటన తిరుగుబాటుదారులన్న ఖ్యాతినిచ్చింది. ఆమెకు అపకీర్తిని మిగిల్చింది. ఈ వ్యత్యాసాన్ని తరువాతి కాలంలో ఆమే ఎత్తిచూపారు.

రచనలోనూ ఇదే జరిగింది. 1969లో ఆమె పాడిన 'సిస్టర్ మార్ఫిన్' పాటను రోలింగ్ స్టోన్స్ బృందం 1971లో తమ ఆల్బమ్‌లో చేర్చినప్పుడు రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లే ఉన్నాయి. ఫెయిత్‌ఫుల్ పేరు చాలా ఆలస్యంగా చేరింది. ఆమె రాసినదానికి ఆమె కర్తృత్వం దక్కలేదు. ఆమె జీవించినది మాత్రం అందరి సొత్తయింది.

తెలుగు సాహిత్య చరిత్రకు ఈ వైఖరి అపరిచితం కాదు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'పై కందుకూరి వీరేశలింగం చేసిన విమర్శలో కావ్యదోషంతోపాటు కవయిత్రి కులవృత్తి కూడా చర్చకు వచ్చింది. 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ ఎదుర్కొన్నది ఈ ద్వంద్వ ప్రమాణాన్నే. పురుషుని శృంగారం కవిత్వంగానూ, స్త్రీ శృంగారం ఆమె నడవడికి రుజువుగానూ చదవబడ్డాయి. దేశకాలాలు వేరైనా, స్త్రీ రచనను వాంగ్మూలంగా స్వీకరించే పఠన దోషం ఒకటే.

ఈ నేపథ్యంలో, 71 ఏళ్ళ ఫెయిత్‌ఫుల్ తన ఒంటరితనాన్ని తానే పాడటం, తననుంచి లాక్కోబడిన దానిని తన షరతులపై తిరిగి ఇవ్వడమే. ఏది చెప్పాలో, ఏ రాగంలో చెప్పాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించినది ఆమె. ఒప్పుకోలుకు న్యాయమూర్తి కావాలి. ఈ పాటలు న్యాయమూర్తిని పిలవవు.

పేరులోని సమస్య

ఆల్బమ్ పేరు కీట్స్‌ది. 1817 డిసెంబరులో సోదరులకు రాసిన లేఖలో, సందేహాలలోనూ రహస్యాలలోనూ తేల్చేయాలన్న తొందర లేకుండా నిలిచి ఉండగల శక్తిని ఆయన ఈ పేరుతో వ్యవహరించాడు. మరుసటి ఏడాది అక్టోబరులో రిచర్డ్ వుడ్‌హౌస్‌కు రాసిన లేఖలో కవికి తనదంటూ ఒక వ్యక్తిత్వం ఉండదని, అతడు ఎప్పుడూ మరొక రూపాన్ని నింపుతుంటాడని అన్నాడు. తనను తాను వెల్లడించుకొన్నదని పేరుపొందిన ఆల్బమ్‌కు, కవికి 'తాను' అనేది లేదన్న కవి మాటను పేరుగా పెట్టడం వైరుధ్యంగా తోస్తుంది.

ఈ వైరుధ్యమే ఆల్బమ్‌ను అర్థం చేసుకోవడానికి మార్గం. పాడుతున్నది మరియాన్ అనే వ్యక్తా, లేక పాటలోని స్త్రీయా అన్న ప్రశ్నకు ఈ పాటలు జవాబు ఇవ్వవు. పదిహేడేళ్ళ ప్రాయంలో ఆమె మరొకరి వృద్ధాప్యాన్ని నింపారు. 71వ ఏట తన వృద్ధాప్యాన్ని కూడా మరొకరిదన్నట్లు నింపారు. తన జీవితం పట్ల కూడా తేల్చేయాలన్న తొందర లేకపోవడం ఆ గానంలోని నిగ్రహం.

శ్రోత ధర్మం

పై చర్చ నుంచి మొదటి ప్రశ్నకు కొంత సమాధానం లభిస్తుంది. పరుల దుఃఖగానాన్ని విని ఆనందించడం దానంతట అది దోషం కాదు. గాయని దుఃఖానికి రూపమిచ్చి ముందుంచినప్పుడు శ్రోత ఆనందం ఆ రూపానికి చెందుతుంది. రూపాన్ని తోసివేసి దాని వెనుక ఉన్న సంఘటన కోసం వెదికినప్పుడు దోషం మొదలవుతుంది. ఆ క్షణంలో సహృదయుడు విచారణాధికారి అవుతాడు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. జీవితాన్ని పట్టించుకోకుండా రూపాన్ని మాత్రమే ఆస్వాదించడం, బాధపడుతున్న మనిషి పట్ల నిర్దయ కాదా? ఈ ఆక్షేపణ బలమైనది. ఆ గొంతులోని అలసట కేవలం శిల్పం కాదు. దానిని శిల్పంగా మాత్రమే వినడం కూడా ఒక విధమైన చెవుడు. అందువల్ల శ్రోత రెండు వైపులా జారిపోకుండా ఉండాలి. జాలి పడితే గాయని కళ చిన్నబోతుంది, కళను మాత్రమే మెచ్చుకొంటే మనిషి మరుగున పడుతుంది. కీట్స్ కవికి విధించిన నియమం ఇక్కడ శ్రోతకు వర్తిస్తుంది: తేల్చకుండా నిలవగలగాలి.

ముగింపు

2025 జనవరి 30న ఫెయిత్‌ఫుల్ మరణించారు. మరణం తరువాత కళాకారుల జీవితాన్ని పూర్తయిన కథగా చదవాలన్న ఆకర్షణ పెరుగుతుంది. వ్యసనం, పతనం, పునరుత్థానం అనే వరుసలో ఈ ఆల్బమ్‌ను చివరి అధ్యాయంగా అమర్చడం ఇప్పుడు మరింత సులభం. కానీ ఆ అమరికకు అత్యంత ప్రతికూలంగా నిలిచేది ఆమె మూడుసార్లు పాడిన ఆ ఒక్క పాటే. జీవితమే పాటకు అర్థమైతే, జీవితం మొదలుకాకముందే ఆ పాటను ఆమె ఎలా పాడగలిగారు? పాటకు జీవితంతో పనిలేకపోతే, మూడవసారి విన్నప్పుడు అది ఎందుకంత భిన్నంగా తాకుతుంది? ఈ రెండు ప్రశ్నలనూ ఒకేసారి మోస్తూ వినడమే ఇటువంటి ఆత్మీయ గానం పట్ల శ్రోత పాటించదగిన ధర్మం.