ఓడ అడుగున ఏమున్నది?

ధ్యాన వాక్యభాగములు: యెహెజ్కేలు 27వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 27:9–12



కోతలు ముగిసిన పిమ్మట మన యౌవనస్థుల కూటమువారిని వెంటబెట్టుకొని మేము విశాఖపట్టణము వెళ్లి వచ్చితిమి. తిరిగి వచ్చినది మొదలుకొని మన పిల్లల నోట ఓడల మాట తప్ప వేరు మాట లేదు. రేవు వెలుపల లంగరు వేసి నిలిచిన సరకుల ఓడలు, యుద్ధనౌకలు, వాటి పొడవులు, వాటి బరువులు! ఒక చిన్నవాడు నోటుపుస్తకములో ఓడల పేర్లు వరుసగా వ్రాసికొనినాడు. 2022లో నౌకాదళములో చేరిన విక్రాంత్ పొడవు 262 మీటర్లని వాడు గుడి మెట్లమీద కూర్చుండి చెప్పుచుండగా, పెద్దలలో ఒకరు, “ఇదేమి పిచ్చి అయ్యగారూ, వీళ్లకు వాక్యం మీద ఈ శ్రద్ధ ఉంటే బాగుండును గదా” అని మాతో అనిరి.

ఆ మాటను మేము పూర్తిగా ఒప్పుకొనలేదు. ఓడలను చూచి అబ్బురపడుట పాపము కాదు. 104వ కీర్తనకారుడు సముద్రమును చూచి దేవుని స్తుతించునప్పుడు, దానిలో ఆడుకొను మకరములతోబాటు మనుష్యులు నడుపు ఓడలను కూడ జ్ఞాపకము చేసికొనెను. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూగారు అదే విశాఖలో ‘జల ఉష’ అను ఓడను నీటిలోనికి దింపినప్పుడు మన దేశస్థులు సంతోషించిరి. అది తగిన సంతోషమే.

ఈ పిచ్చి నిన్న మొన్న పుట్టినదియు కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున లూసియన్ అను గ్రీకు రచయిత ఒక సంభాషణ వ్రాసెను. అందులో ఏథెన్సు పట్టణపు స్నేహితులు కొందరు పనులు మానుకొని రేవునకు నడిచి వెళ్లుదురు. ఎందుకనగా ఐగుప్తు ధాన్యపు ఓడ ఒకటి గాలికి దారి తప్పి అక్కడికి వచ్చినది. పొడవు 120 మూరలు. వారు పైకెక్కి, ఓడ వడ్రంగిని కొలతలు అడిగి, దానిలోని ధాన్యము ఏథెన్సు వారందరికి ఒక సంవత్సరము సరిపోవునని చెప్పుకొందురు. మన చిన్నవాని నోటుపుస్తకమునకును దానికిని భేదమేమి? పౌలును రోమాకు తీసికొని పోయినదియు అటువంటి అలెక్సంద్రియ ధాన్యపు ఓడయే.

యెహెజ్కేలు ప్రవక్తను చూడుడి. తూరు పట్టణమును ఒక ఓడతో పోల్చి విలాపము చెప్పవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. “తూరు మునిగిపోవును” అని ఒక్క మాటలో చెప్పి ముగించవచ్చును. కాని ఆయన పలకలు శెనీరు మ్రానులతో, స్తంభము లెబానోను దేవదారుతో, తెడ్లు బాషాను సింధూరములతో, చాప ఐగుప్తునుండి వచ్చిన బుట్టావేసిన నారబట్టతో చేసిరని ఒక్కొక్కటిగా చెప్పుచున్నాడు. తెడ్లు వేయువారు ఏ ఊరివారో, పగుళ్లు పూడ్చువారు ఏ ఊరివారో కూడ ఆయనకు తెలియును. ఆ ఓడ అందమును ఆయన తగ్గించి చెప్పలేదు. అందుచేతనే తూర్పుగాలి తగిలి అది నడిసముద్రమున బ్రద్దలైన మాట చదువునప్పుడు మనకు గుండె కలుక్కుమనును.

విశాఖ సముద్రతీరమున ‘కురుసుర’ అను జలాంతర్గామి కలదు. 1969నుండి 2001వరకు నౌకాదళములో పనిచేసిన దానిని ఒడ్డునకు లాగి, 2002లో ప్రజలు చూచుటకై నిలిపిరి. అది ఇసుక మీద ఉన్నందున దాని అడుగుభాగము కూడ కన్నులకు కనబడును. అక్కడనే ఆ నోటుపుస్తకపు చిన్నవాడు మమ్మును, “అయ్యగారూ, ఆ దూరాన ఉన్న ఓడలకు నీళ్లకింద ఎంత ఉంటుందండీ? పడిపోకుండా ఏం పట్టుకుంటుందండీ?” అని అడిగెను. అంతవరకు మేమందరము పైభాగమునే చూచుచుంటిమి.

వానికి మేము చెప్పిన కథను మీకును చెప్పుదుము. స్వీడను దేశపు రాజు గుస్తావ్ అడాల్ఫ్ మనవలెనే ప్రొటెస్టెంటు. ఆయన పోలెండుతో యుద్ధము చేయుచు, స్టాక్‌హోము పట్టణమున ‘వాసా’ అను యుద్ధనౌకను కట్టించెను. వాసా అనునది ఆయన వంశనామము. వెయ్యికి పైగా సింధూర వృక్షములు దానికై నరికిరి. 64 ఫిరంగులు, రెండు వరుసలుగా. సింహములు, రాజులు, దేవదూతలు, వందలకొలది చెక్కడపు బొమ్మలు, వాటిమీద రంగులు, బంగారు పూత. త్వరపెట్టుచు రాజునొద్దనుండి ఉత్తరములు వచ్చుచుండెను. దానిని కట్టుచున్న పెద్ద వడ్రంగి 1627లో మరణించెను.

ఓడ బయలుదేరకముందు సరంగు ఒకడు ఒక పరీక్ష చూపించెను. ముప్పదిమంది మనుష్యులను ఓడమీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు ఒక్కుమ్మడిగా పరుగెత్తించిరి. మూడు సారులు పరుగెత్తునప్పటికి ఓడ ఎంతగా ఊగెననగా, చూచుచున్న నౌకాధిపతి ఫ్లెమింగు పరీక్షను ఆపివేయించెను. కారణము కష్టమైనది కాదు. నీటికి పైనున్న కట్టడము బహు బరువు. క్రింద నిలకడకై వేసిన రాళ్ల బరువు దానికి చాలదు. ఇంకను రాళ్లు వేయుదమన్నచో క్రింది వరుస ఫిరంగుల కిటికీలు నీటికి మరింత దగ్గరగును. సంగతి తెలిసినవారు ఉండిరి. రాజు దూరముగా ఉండెను. ఓడ సిద్ధముగా లేదని ఆయనకు వ్రాయుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు.

1628 ఆగస్టు 10, ఆదివారము. ఒడ్డున జనము క్రిక్కిరిసిరి. నావికుల భార్యలు, బిడ్డలు కొందరు ఓడమీదనే ఉండిరి. అందరు చూచుటకై ఫిరంగుల కిటికీలు తెరిచియుంచిరి. ఒక గాలి తగిలెను, ఓడ ఒరిగి మరల లేచెను. మరియొక గాలి తగిలెను. క్రింది కిటికీలలోనుండి నీరు లోపలికి దూసికొని వచ్చెను. దాదాపు 1,300 మీటర్లు పోయినది, అంతే. ఇంచుమించు ముప్పదిమంది చనిపోయిరి.

తరువాత విచారణ జరిగెను. రాజు ఒప్పుకొనిన కొలతల ప్రకారమే కట్టితిమని కట్టినవారు చెప్పిరి. మరి ఎందుకు మునిగినదని అడుగగా, అది దేవునికే తెలియునని ఒకడు ఉత్తరమిచ్చెను. ఎవరికిని శిక్ష పడలేదు. 333 సంవత్సరములు నీటి అడుగున ఉన్న పిమ్మట, 1961 ఏప్రిలు 24న ఆ ఓడను పైకి తీసిరి. ఇప్పుడు దానికొక మ్యూజియము కట్టి ఉంచగా, లోకమంతటినుండి జనులు వచ్చి, మన పిల్లలవలెనే తలలెత్తి అబ్బురముగా చూచుచున్నారు.

దేవునికే తెలియును! ఎంత భక్తిగల మాట, సహోదరులారా! పరుగెత్తిన ముప్పదిమందికి తెలియదా?

ఇక పౌలును చూడుడి. ఆయన ఖైదీ. ఓడ ఆయనది కాదు, మాట చెల్లదు. అయినను మంచి రేవులు అను చోట, ఈ ప్రయాణమువలన సరకునకును ఓడకును ప్రాణములకును నష్టము కలుగునని ముందుగా చెప్పెను. అంతకుముందే మూడు మారులు ఓడ పగిలి శ్రమపడినవాడు ఆయన (2 కొరింథీయులకు 11:25). సముద్రము ఆయనకు తెలియును. శతాధిపతి మాత్రము నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. ఎక్కువమంది ఆలోచనయు అదే. దక్షిణపు గాలి మెల్లగా విసరగానే తమ తలంపు సరియైనదనుకొనిరి. పౌలు మాట నెగ్గలేదు, కాని ఆయన చెప్పెను. తుఫానులో ఆ 276 మందికి ధైర్యము చెప్పి, రొట్టె విరిచి తినిపించినవాడును ఆయనయే. ముందు నిజము చెప్పినవాని నోటనే ఆ ధైర్యపు మాటకు విలువ వచ్చినదని మా తలంపు.

ఇది ఇతరులకు బోధించుటకు మేము చాలినవారము కాము. కొన్ని సంవత్సరముల క్రితము మేము పరిచర్య చేసిన యొక గ్రామములో గుడి ముందర ఎత్తయిన గోపురము కట్టదలచితిమి. చుట్టుప్రక్కల అయిదారు ఊళ్లకు కనబడవలెనని మా ఆశ. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము చొప్పున కూడబెట్టిన డబ్బు కూడ అందులో పడినది. పునాది త్రవ్వుచుండగా మేస్త్రి మమ్మును ప్రక్కకు పిలిచి, “అయ్యగారూ, ఇది రేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలేస్తుంది. ఇంకో మూడడుగులన్నా దిగాలి” అని చెప్పెను. అప్పటికే ప్రతిష్ఠ పండుగ కార్డులు అచ్చయినవి. పెద్దలు వచ్చుచున్నారు. మేము ఏమంటిమో తెలియునా? “ప్రార్థన చేద్దాంలే మేస్త్రీ, దేవుడే చూసుకుంటాడు.” ఆ సంగతి సంఘ పెద్దలతో కూడ చెప్పలేదు.

రెండవ వానకాలమునకు గోపురము నిలువున పగిలెను. ప్రభువు కృపవలన ఎవరికిని దెబ్బ తగలలేదు. కూలదోసి రాళ్లు ప్రక్కకు వేయుచుండగా ఒక వృద్ధురాలు వచ్చి, “అయ్యగారూ, మేస్త్రి ముందే చెప్పాడంట గదా?” అని అడిగినది. కోపముతో కాదు, మెల్లగానే అడిగినది. ఆమె ఇంటి బియ్యము ఎన్ని పిడికిళ్లు ఆ గోడలో ఉన్నవో మాకు తెలియదు. దేవునికే తెలియునని చెప్పుటకు ఆ దినమున మాకు నోరు రాలేదు. “చెప్పాడమ్మా. నేనే దాచాను” అంటిమి. ఆ మాట సంవత్సరము ముందు చెప్పవలసినది.

ఇప్పుడు మన సంఘములో గుడిని పెంచి మేడ కట్టవలెనను తలంపు కలిగినది. చాలమంది సంతోషముగా ఉన్నారు, మేమును ఉన్నాము. గుడి వెనుక చింతచెట్టు ప్రక్కన ఒక గుంట త్రవ్వించియున్నాము. ఎవరైనను వెళ్లి మట్టి చూడవచ్చును. వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత సంఘమంతయు, స్త్రీలును యౌవనస్థులును కూడ, కూర్చుండవలెనని కోరుచున్నాము. మొదట మేస్త్రి మాటలాడును. ఆయన మాట ముగియువరకు ఎవరును లేవకూడదు, మేమును లేవము. ఆ తరువాతనే ప్రార్థన.