ఊరికే కాసే కావలివాడు

'ఉచితం' అన్న మాట వింటే ఆడవాళ్ళు ఇట్టే కరిగిపోతారని మగవాళ్ళు వేళాకోళం చేస్తుంటారు. చీరతో రవికగుడ్డ ఉచితమంటే మన అడుగు ఆగే మాట నిజమే. అయితే ఆ గుడ్డ ఖరీదు చీర ధరలోనే కలిసి ఉందని తెలియనిది మనలో ఎవరికి? లెక్క తెలిసే తీసుకుంటాం. లెక్క తెలియని ఉచితంతోనే చిక్కు.

మా అల్లూరులో ఇప్పుడు కంప్యూటరు వింత కాదు. రొయ్యల గుంటల లెక్కలు, పిల్లల చదువులు, బ్యాంకు పద్దులు అన్నీ అందులోనే. దానికి వైరస్ సోకకుండా యాంటీవైరస్ ఉండాలంటారు. డబ్బు పెట్టి కొనాలా, ఉచితంగా దొరికేది వేసుకోవాలా? మా పక్కింటి అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఏందక్కా, ఊరికే వస్తా ఉంటే దుడ్లెందుకు పెట్టేది?"

ఆ అమ్మాయి మాటను తీసిపారేయలేం. ఉచితమైనదల్లా మోసమే అయితే, ఎండాకాలంలో చలివేంద్రం దగ్గర మజ్జిగ తాగేవాళ్ళమే కాదు.

కాని రొయ్యల గుంటకు రాత్రి కావలి ఉండేవాడికి జీతమిస్తాం గదా! "నాకు జీతమేమీ వద్దు, ఊరికే కాస్తాను" అని ఒకడొచ్చి నిలబడితే? వీడి పొట్ట ఎట్లా గడుస్తుందబ్బా అని ఒక్క క్షణమైనా ఆలోచిస్తాం.

యాంటీవైరస్ కూడా కావలివాడే. కాకపోతే గుంటగట్టు మీద ఆగడు, పడకటింటిదాకా వస్తాడు. ప్రతి కాగితం తిరగేస్తేగాని వాడి పని జరగదు. అవాస్ట్ అనే చెక్ దేశపు కంపెనీ కోట్లమందికి ఉచితంగా కావలి కాసింది. వాళ్ళు ఏయే వెబ్‌సైట్లు చూశారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంది. 2020 జనవరిలో సంగతి పత్రికలకెక్కాక ఆ దుకాణం మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది. ఎవరు ఏ జబ్బు గురించి చదివారో, ఏ మతం సంగతులు చూశారో కూడా ఆ వివరాలను బట్టి పోల్చుకోవచ్చునట! ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. ఇక్కడ గుట్టు మోసింది కావలివాడే.

అలాగని డబ్బు పుచ్చుకున్నవాడల్లా ధర్మరాజని కాదు. అడగవలసింది ధర ఎంతని కాదు, 'నీకు కూడు ఎవరు పెడుతున్నారు?' అని. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ మన రవికగుడ్డ వంటిది. దాని ఖరీదు విండోస్ ధరలోనే ఉంది. ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే మామూలు ఇంటికి అది చాలు. 2017లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం, కంప్యూటరులో చేరిన చీడను తీసే సాధనాలను ఉచితంగా ఇస్తుంది. అది మన పన్నుల సొమ్మే. ఇక కొన్ని కంపెనీలు కొంచెం ఉచితంగా రుచి చూపించి, నచ్చితే పెద్దది కొనుక్కోమంటాయి. మిఠాయికొట్టువాడి పద్ధతి అది, అందులోనూ దాపరికం లేదు.

"నా దగ్గర దాచుకోవలసిన రహస్యాలేమున్నాయి?" అంటారేమో! మీ రహస్యాన్ని ఇచ్చి బేరమాడే హక్కు మీకుంది, కాదనను. కాని ఇంట్లో కంప్యూటరు మీ ఒక్కరిది కాదు గదా! పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండని కోడలు, ఎవరితోనూ చెప్పుకోలేని మాట అర్ధరాత్రి దాన్నే అడుగుతుంది. ఆ పిల్ల దిగులును వెలగా కట్టి మన ఇంటికి ఉచితంగా కావలి పెట్టుకునే హక్కు మనకెవరిచ్చారు?